చేతులు పైకెత్తి చూడండి

కుర్తీ తల మీంచి దిగింది. భుజాల దగ్గర ఆగిపోయింది.

మీ చేతులు రెండూ పైకి లేచి ఉన్నాయి. మోచేతులు చెవులను నొక్కుతున్నాయి. ముఖం మీద గుడ్డ, గుడ్డలోంచి ట్యూబ్‌లైటు పచ్చగా కనిపిస్తోంది. విజయవాడ బీసెంట్ రోడ్డు, ఆషాఢం తగ్గింపు అమ్మకాల రద్దీ, రెండో అంతస్తులో మనిషి తిరగడానికి చోటులేని ట్రయల్ రూమ్. శ్రావణంలో మేనకోడలి పెళ్లి. పసుపు ఫంక్షన్‌కి అందరూ పసుపు రంగే కట్టాలన్నారు. "ఆ ఒక్కపూటా చీర వద్దమ్మా, కుర్తీ వేసుకో, హాయిగా ఉంటుంది" అంది మీ అమ్మాయి. మీకు 53 ఏళ్లు. కుర్తీ చీటీ మీద డబుల్ ఎక్సెల్ అని ఉంది. పోయిన సంక్రాంతికి వేరే షాపులో కొన్నది ఎక్సెల్, అది ఇప్పటికీ పడుతోంది.

కిందికి లాగుతారు. రాదు. పైకి లాగుతారు. బట్ట వీపు మీద చుట్ట చుట్టుకుంటుంది. చంక దగ్గర ఎక్కడో కుట్టు చిటుక్కుమంటుంది.

ఎవరో తలుపు కొడుతున్నారు. "లోపల అయిపోయిందాండీ?"

అప్పుడే మొదలవుతుంది. గుండెల మీద వేడి. మెడకి ఎక్కుతుంది. చెవులు కాలుతున్నాయి. నుదుట చెమట. వీపు తడి. తడికి గుడ్డ ఇంకా అంటుకుంటోంది. దడ. ఊపిరి అందడం లేదు.

లాగకండి.

లాగితే చిరుగుతుంది. ఆగండి. ఊపిరి బయటికి వదలండి. పూర్తిగా. ఇంకోసారి. ఈ వేడి గదిది కాదు, కుర్తీదీ కాదు. నెలసరి ఆగిపోయే వయసులో ఈస్ట్రోజెన్ తగ్గుతుంది. ఒంటి వేడిని చూసుకునే మెదడు భాగం అప్పుడు చిన్న తేడాకే కంగారుపడి, చర్మంలోకి రక్తాన్ని పంపి చెమట పట్టిస్తుంది. కొద్ది నిమిషాల్లో దానంతటదే దిగిపోతుంది. అంతవరకూ నిలబడి ఉండండి, చాలు.

ఇప్పుడు కుడి మోచేయి మడిచి, ఎడమ పక్క కుట్టు వెంబడి వేళ్లు పోనివ్వండి. చిన్న ఇనుప ముక్క తగులుతుంది. జిప్పు. పైకి కనిపించకుండా కుట్టులో కలిపేస్తారు కాబట్టి వేసుకునే ముందు మీ కంటపడలేదు. తీయండి. నడుం దగ్గర వదులైంది. ఎడమ భుజం ఒక్కటే కిందికి దించండి. చెయ్యి వచ్చింది. రెండోది. తల.

గాలి.

అద్దంలో జుట్టు రేగిపోయిన మనిషి. బొట్టుబిళ్ల కుర్తీ లోపలి వైపు అంటుకుపోయి ఉంది. దాన్ని గోటితో తీసి మళ్లీ పెట్టుకుంటున్నారు. ఎంతోమంది ఆడవాళ్లు ఆ బట్టని కొక్కేనికి తగిలించేసి, "నాకేవీ పట్టవు" అనుకుంటూ మెట్లు దిగిపోయేది ఇక్కడే. దిగాక మళ్లీ కొన్నేళ్ల దాకా ఎక్కరు. నేను మిమ్మల్ని ఇక్కడ ఒక్క నిమిషం ఆపాలనుకుంటున్నాను.

ఆరు నెలల్లో అంత ఒళ్లు చేశానా అని కదా మీ అనుమానం? చేసి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఆ సంగతి ఈ చీటీకి తెలియదు. చాలా కంపెనీల పట్టికల్లో డబుల్ ఎక్సెల్ అంటే ఛాతీ 44 అంగుళాలు. కానీ కొందరు ఒంటి కొలత రాస్తారు, కొందరు బట్ట కొలత రాస్తారు. 44 అంగుళాల ఒంటికి సరిగ్గా 44 అంగుళాల బట్ట తొడిగితే ఊపిరి తీసుకోవడానికి చోటుండదు. ఇక మీ దండచెయ్యి ఎంత లావో, పొట్ట ఎక్కడుందో ఆ అక్షరాల్లో ఎక్కడా లేదు. మన మనుషుల్ని కొలిచి తయారుచేసిన పట్టిక మనకు లేక, ఏళ్ల తరబడి అమెరికా, బ్రిటన్ పట్టికల్నే అటూ ఇటూ సర్దుకుంటూ వచ్చారు తయారీదారులు. అందుకే జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ 'ఇండియాసైజ్' పేరుతో ఆరు నగరాల్లో, 15 నుంచి 65 ఏళ్ల వాళ్లను పాతిక వేలమందికి పైగా త్రీడీ స్కానర్లతో కొలిచే పని తలకెత్తుకుంది. ఆ నగరాల్లో హైదరాబాద్ ఒకటి. ఇవాళ ఈ గదిలో మాత్రం మీకు సాయపడేది ఆ పట్టిక కాదు, మీ చేతిసంచిలో ఉండాల్సిన టేపు.

తలుపు తీస్తారు. బయట నిలబడ్డ అమ్మాయి చూపు మీ చేతిలోని కుర్తీ మీద, తర్వాత మీ మీద. షాపులో పిల్ల వచ్చి మెల్లగా చెబుతుంది. "మీ సైజులు పై ఫ్లోర్‌లో ఉంటాయి ఆంటీ."

ఎక్కుతారు. మూల ఒక స్టాండు. నలుపు, ముదురు నీలం, మట్టిరంగు, మళ్లీ నలుపు. అన్నీ భుజం నుంచి కిందిదాకా ఒకే వెడల్పు. చెయ్యి పెట్టి చూడండి. జారుడు పాలియెస్టర్. ఇందాకటి వేడి మళ్లీ వస్తే ఈ గుడ్డలో మీరు ఉడికిపోతారు. ఇంత పెద్ద షాపులో మీ కోసం ఉన్నది ఈ ఒక్క కమ్మీ.

నేనొక్కదాన్నేనా ఇలా? చుట్టూ చూడండి. బిల్లింగ్ కౌంటర్ దగ్గర వరసలో ఉన్నవాళ్లని, లిఫ్టు కోసం ఆగినవాళ్లని, మనవడిని ఎత్తుకుని కుర్చీ వెతుక్కుంటున్న పెద్దావిడని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో 36 శాతానికి పైగా, తెలంగాణలో 30 శాతం ఎత్తుకు తగ్గ బరువును దాటి ఉన్నారని తేలింది. అదీ 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో. మీ వయసువాళ్లు ఆ లెక్కలోనే లేరు. షాపు నిండా మీలాంటివాళ్లున్నారు. అద్దాల వెనక నిలబెట్టిన సన్నటి బొమ్మల్లాంటి వాళ్లు తక్కువ.

నల్లది చేతిలో పట్టుకున్నారు. తీసుకుంటే గొడవ వదిలిపోతుంది. పెట్టెయ్యండి. మీరొచ్చింది పసుపు కోసం. కింది ఫ్లోర్‌లో అదే కుర్తీ త్రిబుల్ ఎక్సెల్ ఉందేమో అడగండి.

ఉంది. ఈసారి ముందే జిప్పు తీస్తారు. దిగింది. చేతులు పట్టాయి, పొట్ట పట్టింది. భుజాలు మాత్రం జారాయి. భుజం కుట్టు ఎముక చివర పడాలి, ఇది అంగుళం కిందికి వెళ్లింది. ఎందుకంటే సైజు పెంచేటప్పుడు పొట్టతోపాటు భుజాలనూ పెంచుకుంటూ పోతారు. మనిషి ఒళ్లు చేసినంత మాత్రాన భుజం ఎముకలు పెరగవు కదా. మీరిప్పుడు చేయాల్సింది ఒకటే. ఒంట్లో అన్నిటికన్నా వెడల్పైన చోటికి సరిపోయే సైజు కొని, మిగతాది తగ్గించుకోవడం. భుజాలు లోపలికి పట్టించడం ఆల్టరేషన్ మిషను మీద చిన్న పనే. బిగువైన చేతిని వదులు చెయ్యడానికి మాత్రం లోపల గుడ్డ ఉండాలి. రెడీమేడ్‌లో అది ఉండదు.

*

పెళ్లిచీర దగ్గరికి వచ్చేసరికి మీ నడకే మారింది. వన్‌టౌన్ వీధిలోని బట్టల కొట్లో బెంచీ మీద కూర్చున్నారు. చీరకి సైజు లేదు. 30 అంగుళాల నడుముకీ 50 అంగుళాల నడుముకీ అదే గుడ్డ. మన ఆడవాళ్లకి దక్కిన పెద్ద వరం ఇది, నా మాట నమ్మండి. అయినా ఇక్కడా ప్రమాదాలున్నాయి.

"మీకు డార్కు కలర్సు బావుంటాయమ్మా" అంటూ కొట్టతను నేరేడురంగు పరిచాడు. దాని పక్కన ముదురాకుపచ్చ. ఆ వెనక అరలో చిలకపచ్చ గద్వాల్ ఉంది, వంకాయరంగు అంచు. మీ చూపు మూడుసార్లు అక్కడికే పోయింది. అడగాలా వద్దా?

అడగండి. వేయమనండి. భుజం మీద వేసుకుని అద్దం ముందుకు వెళ్లండి. రంగు మీ ఒంటిని పెంచదు, తగ్గించదు. రంగు ముందుగా పనిచేసేది ముఖం మీద. చిలకపచ్చ మీ చెంపల మీదికి వెలుగు తెస్తోందా, కళ్ల కింద నలుపును పెంచుతోందా? అదొక్కటే చూడండి. తెస్తోంది. మీకే తెలుస్తోంది.

ఇప్పుడు గుడ్డ. చీర అంచు పట్టుకుని రెండడుగులు వేలాడదీసి వదలండి. కిందికి దిగిందా, గాలిలో నిలబడిందా? ఆర్గంజా, టిష్యూ, గంజిపెట్టిన కొత్త నూలు నిలబడతాయి. కుచ్చిళ్ల దగ్గర ఉబ్బుతాయి. క్రేపు, మెత్తటి పట్టు దిగుతాయి. గద్వాల్లో ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ మగ్గం మీదే ఒక దారంలో ఇంకో దారం మెలేసి కలుపుతారు. అందుకే బరువు తక్కువ, ఒంటికి గాలి ఆడుతుంది. ఉప్పాడ జాంధానీ ఇంకా తేలిక. నెలసరి ఆగిన వయసులో శ్రావణమాసపు ఉక్కలో నాలుగు గంటలు కూర్చోవాలంటే ఆ తేలికదనమే మీ బలం. నిండా జరీ ఉన్న కంచి పట్టు వద్దని కాదు. కావాలంటే సాయంత్రం రిసెప్షన్‌కి, ఏసీ హాల్లో కట్టండి.

పక్కన మంగళగిరి నూలుచీర ఒకటి విప్పి ఉంది, పొడుగునా గీతలు. కట్టుకుంటే ఆ గీతలు ఒంటి చుట్టూ అడ్డంగా వస్తాయి. చెయ్యి దాని మీదికి పోయి వెనక్కి వచ్చింది. లావుగా ఉన్నవాళ్లు అడ్డగీతలు కట్టకూడదని చిన్నప్పటినుంచీ విన్నారు. ఇది నిజమా అని ఎవరూ చూడలేదా? చూశారు. 19వ శతాబ్దంలోనే హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త గమనించాడు: ఒకే కొలత చదరాలు రెండు గీసి, ఒకదాన్ని అడ్డగీతలతో, రెండోదాన్ని నిలువుగీతలతో నింపితే, అడ్డగీతలదే పొడుగ్గా, సన్నగా కనిపిస్తుంది. బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకుడు పీటర్ థాంప్సన్, ఆయన తోటి పరిశోధకురాలు అదే సంగతిని ఆడవాళ్ల బొమ్మల మీద పరీక్షించి 2011లో ప్రచురించారు. అడ్డగీతల వల్ల లావుగా కనిపించరని వాళ్లు తేల్చారు. కాబట్టి మంగళగిరి మీకు నచ్చితే అదీ కట్టించుకోండి. కృష్ణా నది దాటితే ఆ ఊరు దగ్గరే, ఇంకోరోజు మగ్గాల దగ్గరికే వెళ్లొచ్చు.

చిలకపచ్చ గద్వాలే ఖాయమైంది. డబ్బు తీసే ముందు ఒక్క మాట అనండి. "ఒకసారి కొలిచి చూపించండి."

అతను కొంచెం ఆశ్చర్యపోతాడు. పర్వాలేదు. చీర ఐదున్నర మీటర్లుండాలి, అంటే 216 అంగుళాలు. మీ పిరుదుల చుట్టుకొలత 50. ఒక చుట్టుకి 50, పైటకి తిరిగివచ్చే రెండో చుట్టుకి మళ్లీ 50. పైటా కొంగూ పోగా మిగిలిందే కుచ్చిళ్లు. ఒక్కో కుచ్చికి పది అంగుళాలు పడుతుంది. 38 అంగుళాల మీ మరదలికి ఆరు కుచ్చిళ్లు వచ్చే చీర మీకు నాలుగే ఇస్తుంది. నాలుగు కుచ్చిళ్లతో మెట్లెక్కితే చీర ముందు విచ్చుకుంటుంది. మీరు ఆ పొద్దంతా చేత్తో ఒత్తుకుంటూ ఉంటారు, ఫొటోల్లో కూడా ఆ చెయ్యి అక్కడే ఉంటుంది.

"జాకెట్టు ముక్క కత్తిరించి ఇమ్మంటారా అమ్మా?" కత్తెర తెరుచుకుని ఉంది.

వద్దనండి. లోపలి వైపు ముక్క ఉన్న చీర ఇది. ఆ 80 సెంటీమీటర్లూ చీరకే వదిలేస్తే మీకు ఇంకో మూడు కుచ్చిళ్లు. ఎలాగూ 80 సెంటీమీటర్లలో మోచేతి దాకా చేతులున్న మీ జాకెట్టు రాదు. చంక కింద అతుకులు పడతాయి. మ్యాచింగ్ సెంటర్లో వంకాయరంగు గుడ్డ ఒకటింపావు మీటరు తీసుకోండి. ఫాల్ కూడా అక్కడే.

అక్కడే లోపలి లంగా కూడా. ఇంట్లో ఉన్నవి చాలనుకుంటున్నారా? ఒకసారి నడుం మీద వేలు పెట్టి చూసుకోండి. బొందు పడే చోట నల్లగా ఒక గీత, చుట్టూ గాడి. ముప్ఫై ఏళ్లుగా చీర జారకుండా ఉండాలని రోజూ అదే చోట బిగించి ముడేస్తున్నారు. ఆ గీత దురద పెడుతుందా? ఎప్పుడైనా పుండైందా? ఏళ్ల తరబడి బొందు ఒరుసుకుని మానని పుండు చర్మ క్యాన్సర్‌గా మారిన ఇద్దరు పెద్ద వయసు మహిళల గురించి, మహారాష్ట్ర, బిహార్ వైద్యులు 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ కేసు నివేదికల పత్రికలో రాశారు. చాలా అరుదు. భయపడనక్కర్లేదు. కానీ మానకుండా ఉన్న పుండు ఉంటే ఈ వారమే డాక్టరుకి చూపించండి. సన్నబొందు బదులు నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ కుట్టిన లంగా అడగండి, లేదా కుట్టించుకోండి. బరువంతా ఒక్క గీత మీద పడకుండా పట్టీ మొత్తం మీదికి పంచుకుంటుంది. ముడి అదే చోట కాకుండా రోజుకో పక్కకి మార్చండి.

*

"ఆది జాకెట్టు తెచ్చారా అక్కా?"

టైలరమ్మ చెయ్యి చాచింది. మిషన్ల చప్పుడు, గోడకి దండెం నిండా జాకెట్లు, ఒక్కోదానికి గుండుసూదితో గుచ్చిన చీటీ. మీ సంచిలో ఆరేళ్లనాటి జాకెట్టు ఉంది. "దీని కన్నా ఒక అంగుళం వదులు పెట్టమ్మా" అనేస్తే పనైపోతుంది. ఎప్పుడూ చేసేది అదే.

బయటికి తీయకండి. "కొత్తగా కొలతలు తీసుకో అమ్మా" అనండి.

ఎందుకంటే అంగుళం వదులు పెడితే ఆరేళ్లనాటి ఒళ్లు అంగుళం పెద్దదవుతుందంతే, ఇవాళ్టి ఒళ్లు కాదు. మీ బరువు అప్పుడూ ఇప్పుడూ ఒకటే అయినా ఆకారం మారింది. నెలసరి ఆగాక కొవ్వు తొడల దగ్గర, పిరుదుల దగ్గర కన్నా పొట్ట దగ్గర ఎక్కువ చేరుతుంది. రొమ్ములు దిగుతాయి. వీపు పైభాగం కొంచెం వంగుతుంది. పాత జాకెట్టులో టక్కు మొన ఎక్కడుందో ఇప్పుడు అక్కడ రొమ్ము లేదు. అందుకే పైన ఖాళీగా ఉబ్బుతుంది, కింద పట్టేస్తుంది, మీరేమో మీ ఒంటిని తిట్టుకుంటారు.

ఆమె టేపు తీసింది. పెళ్లికి వేసుకునే బ్రాయే ఇవాళ వేసుకుని ఉండాలి, లేకపోతే ఈ కొలతలు వృథా. చేతులు వదులుగా. పొట్ట లోపలికి పీల్చకండి. పీలుస్తున్నారు. వదిలేయండి. పెళ్లిలో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మీరు పీల్చి ఉంచలేరు.

భుజం మీంచి రొమ్ము మొన దాకా. "పదకొండు" అంది ఆమె. పాతదానిలో తొమ్మిదిన్నర ఉండేది. ఛాతీ, "నలభై ఆరు." గట్టిగానే అంది. మిషను తొక్కుతున్న పిల్ల తలెత్తి రాసుకుంది. మీ మెడ వేడెక్కింది. దండచెయ్యి. టేపు చుట్టుకుంది. మీరు చెయ్యి కొంచెం ఒంటికి నొక్కారు, అంకె చిన్నదవుతుందేమోనని.

నొక్కకండి. ఇప్పుడు అర అంగుళం దాస్తే పెళ్లిరోజు ఆ అర అంగుళమే మీ చేతిని కోస్తుంది.

"పదహారు."

పదహారు. రాసుకోనివ్వండి. మీరూ మీ ఫోన్‌లో రాసుకోండి. ఇది మీ చెయ్యి. పిల్లల్ని ఎత్తింది, గ్యాస్ బండలు జరిపింది, అత్తగారిని మంచం మీంచి లేపి కూర్చోబెట్టింది.

"చంక కొంచెం కిందికి దించమంటారా అక్కా, ఫ్రీగా ఉంటుంది?" దించమనాలనిపిస్తుంది. ఆగండి. చంక గుంట కిందికి పోయినకొద్దీ చెయ్యెత్తితే జాకెట్టు మొత్తం చేతితోపాటు పైకి లేస్తుంది, నడుం దగ్గర బయటపడుతుంది. ఒంటికి దగ్గరగా, కాస్త పైకే కత్తిరించిన చంకలోనే చెయ్యి సులువుగా ఆడుతుంది. కావలసిన వదులు చేతి గుడ్డలో పెట్టమనండి. బరువైన రొమ్ములకి మూడు టక్కుల కన్నా ప్రిన్సెస్ కట్‌గానీ కటోరీగానీ బాగా పడుతుంది. అక్కడ ఆకారం మొత్తం కుట్టులోనే వస్తుంది, పొడుచుకువచ్చే మొనలుండవు.

చేతుల పొడుగు? ఇక్కడ మీ ఇష్టం. చెయ్యి అన్నిటికన్నా లావుగా ఉన్నచోట ఆగే పొట్టి చేతులైతే అందరి చూపూ ఆ గీత దగ్గరే ఆగుతుంది. మోచేతి దాకా అయితే కిందికి జారుతుంది. అసలు చేతుల్లేని జాకెట్టు కావాలని ఇన్నేళ్లూ మనసులో ఉంటే ఈ పెళ్లికే కుట్టించుకోండి. దండచేతులు కనిపించకూడదనే కట్టుబాటు మీకు పెళ్లిళ్లలో ఉక్కపోతను మిగిల్చింది తప్ప ఇంకేమీ ఇవ్వలేదు.

వెళ్లేముందు రెండు మాటలు మర్చిపోకండి. లైనింగ్ నూలుది కావాలి, నీళ్లలో తడిపి ఆరేశాకే కత్తిరించాలి. పక్కలకీ చేతులకీ లోపల చెరో అంగుళం గుడ్డ వదలాలి.

*

పెళ్లి ముందురోజు. రాత్రి పదిన్నర. జాకెట్టు ఇప్పుడే వచ్చింది. ముహూర్తం రేపు పొద్దున్నే.

తొడుగుతారు. ఎడమ చెయ్యి పోయింది. కుడి చెయ్యి బిగుసుకుంది. ఒకటో హుక్కు. రెండు. మూడు. నాలుగోది అందడం లేదు. రెండు రోజులుగా నిద్ర లేదు, నిలబడే ఉన్నారు, వేళ్లకి ఉంగరాలే తిరగడం లేదు. ఒళ్లు నీరు పట్టింది.

చెయ్యి పైకెత్తండి. సగంలో ఆగింది. దండ చుట్టూ కోత. వేళ్లు తిమ్మిరి. టైలరమ్మ ఫోను ఎత్తడం లేదు. బీరువాలో పాత నల్ల జాకెట్టు కనిపిస్తోంది. అది పడుతుంది. ఎప్పుడూ పడుతుంది.

బీరువా మూసేయండి.

విప్పండి. తిరగేయండి. లోపల చూడండి. వదిలిన గుడ్డ ఉందా?

ఉంది. అంగుళం.

చిన్న కత్తెర. లైటు కింద కూర్చోండి. చేతి కొస నుంచి చంక మీదుగా పక్క కిందిదాకా ఒకే కుట్టు. దాని పక్కనే, అర అంగుళం బయటికి, సుద్దతో గీత. ముందు కొత్త కుట్టు. తర్వాతే పాతది విప్పాలి. మిషను లేకపోతే చేత్తోనే. దగ్గర దగ్గరగా. రెట్టదారం. మీ అమ్మాయి సూదిలో దారం ఎక్కించి ఇస్తోంది. చంక దగ్గర రెండుసార్లు కుట్టండి. రెండో పక్క. పాత కుట్టు విప్పండి.

తొడగండి.

ఒక్కో చేతికి అంగుళం వచ్చింది. ఛాతీకి రెండు. నాలుగో హుక్కు. ఐదు. ఆరు. ఇప్పుడు చేతులు రెండూ పైకి ఎత్తండి. కూర్చోండి. వంగి నేలని తాకండి. మీ అమ్మాయిని గట్టిగా కౌగిలించుకోండి.

ఏమీ చిట్లలేదు.

తెల్లారి చీర కట్టేముందు మోకాళ్ల పైదాకా వచ్చే మెత్తటి నూలు షార్ట్స్ తొడుక్కోండి. తొడలు ఒరుసుకుని మంటపుట్టి, మధ్యాహ్నానికి కాళ్లు ఎడంగా వేస్తూ నడిచిన పెళ్లిళ్లు చాలు. కాళ్లకి హీల్స్ తీశారు, మోకాలు ఒప్పుకోవడం లేదు. అమ్మాయి స్నీకర్లు చూసి సందేహిస్తున్నారా? కంచి పట్టు చీర, ఇంత పెద్ద బొట్టు, కింద స్నీకర్లతో వేదికెక్కి పాడే ఉషా ఉతుప్‌కి 2024లో పద్మభూషణ్ ఇచ్చారు. అప్పటికి ఆవిడకి 76 ఏళ్లు. వేసుకోండి. మండపంలో ఎలాగూ విడిచేస్తారు.

ఏడు కుచ్చిళ్లు వచ్చాయి. నడవండి. విచ్చుకోలేదు.

మండపంలో జీలకర్రబెల్లం అయింది. అక్షింతలు. అందరి వెనక నిలబడి ఎడమచేత్తో పైట సర్దుకుంటూ కుడిచేత్తో నాలుగు గింజలు విసరడం మీకు అలవాటు. ఇవాళ పైటని వదిలేశారు. చెయ్యి పూర్తిగా లేచింది. గింజలు పిల్ల తల మీదే పడ్డాయి.

"మేనత్తలు రండమ్మా, ఫొటో." ఫొటోగ్రాఫరు చెయ్యి ఊపుతున్నాడు. "మీరు కొంచెం వెనక్కి..." అనబోయి ఎవరివైపో తిరిగాడు. ఎవరి బిడ్డనో ఒడిలోకి లాక్కుని, ఆ బిడ్డ చాటున నిలబడటానికి చెయ్యి చాస్తున్నారు మీరు. బిడ్డని వాళ్ల అమ్మకే ఉంచండి. ముందు వరసలో పెళ్లికూతురి పక్కన చోటుంది. ఆ చోటు మేనత్తదే. వెళ్లి నిలబడండి. సూటిగా కాకుండా ఒక పాదం కొంచెం ముందుకి, చేతులు కిందికి వదిలేసి. గడ్డం కొంచెం పైకి.

ఫ్లాష్.

భోజనాల దగ్గర వదినగారు పక్కన కూర్చుంది. మీకన్నా నాలుగేళ్లు పెద్ద. పట్టుచీర మీద పూర్తిగా కప్పుకున్న శాలువా, ఆ ఉక్కలో. నుదుటి మీద చెమట తుడుచుకుంటూ మీ జాకెట్టు చేతిని రెండువేళ్లతో పట్టుకుని చూసింది.

"ఇంత బాగా పట్టింది, ఎవరు కుట్టారు వదినా? నాకైతే ఎవరిచ్చినా చేతులు బిగుతే. అందుకే ఈ శాలువా."

"గవర్నరుపేటలో ఒకావిడ ఉంది. సోమవారం పదింటికి రా, ఇద్దరం వెళదాం."

"సరే, నా ఆది జాకెట్టు తెస్తాను."

"అది ఇంట్లో పెట్టేసి రా. బ్రా మాత్రం మంచిది వేసుకుని రా."